ఇంటిలోని చల్లదన మెవరిది?

వేసవిలో నింటిపట్టున చల్లగా నుండుట యెట్లు అను ప్రశ్న ఫాల్గుణము వెళ్లిననాటినుండియు ప్రతి గడపలోను వినవచ్చుచుండును. ఒకరు కూలరు కొనుడందురు; ఒకరు కిటికీలకు తడిచీరలు కట్టుడందురు; మఱియొకరు మజ్జిగ త్రాగుడందురు. ఈ సలహాలన్నియు మంచివే. కాని వీనియందొక లోపము కలదు. ఇల్లనగా నొకే గదియనియు, ఇంటివారందఱు నొకేచోట నొకే విధముగా కూర్చుండి యుందురనియు తలంచి చెప్పు సలహా లివి. మేము చూచినంతవఱకు నే యిల్లును అట్లుండదు. ఒక యింటిలోనే మూడు వేసవు లుండును. ముందుగదిలో నొకటి, వంటింటిలో నొకటి, వెనుక రేకుల వసారాలో ముసలివారి మంచమున్నచోట నొకటి. ఇంటి యజమానుడు మొదటి వేసవిని చూచి, "ఈ యేడు ఎండలంతగా లేవు" అనును. కోడలు రెండవదానిని భరించుచు నూరకుండును. ముసలి యవ్వ మూడవదానిలో మూల్గుచుండును. ఈ మూడింటిని గూర్చియు నాలుగు మాటలు చదువరులతో చెప్పుకొనవలెనని మా కోరిక.

మా యూరు కౌడిపల్లి మెదకు జిల్లాలోనిది. హైదరాబాదునుండి నర్సాపూరు మీదుగా మెదకునకు పోవు త్రోవలో నున్నది. సముద్రము మాకు బహుదూరము, గాలి పొడిగాలి. మే మాసములో ఎండ 40 డిగ్రీలు దాటుట మాకు వింత గాదు. రోహిణికార్తెలో రోళ్లు పగులునను సామెత మావారు హాస్యమునకు చెప్పుకొనునది కాదు. ఇట్టి సీమలో మా పూర్వులు విద్యుచ్ఛక్తి లేకయే యెట్లు కాలము గడపిరని విచారించినచో, వారి యింటికట్టుబడిలోనే సమాధానము దొరకును.

మా నాయనమ్మగారి యింటికి మూరకు తక్కువగాని మందముగల మట్టిగోడలుండెడివి. పైన గూనపెంకు, దానిక్రింద అటక. మందమైన మట్టిగోడ యెండను వెంటనే లోనికి విడువదు. మధ్యాహ్నపు వేడి లోపలి ముఖమునకు చేరునప్పటికి సాయంకాలమగును. అప్పటికి బయట గాలి చల్లబడి తలుపులు తెఱచు వేళ యగును. పెంకుల సందులనుండి వేడిగాలి పైకి పోవును. అటక ఎండకును మనుష్యునకును నడుమ రెండవ కప్పుగా నుండును. ఆమె తెల్లవారుజామున తలుపులన్నియు తీసి, ప్రొద్దు బారెడెక్కక మునుపే మూసివేసెడిది. పిల్లలు తలుపు తీసినచో, "ఎండ సుట్టం గాదు బిడ్డా, తలుపు దీసి పిలువొద్దు" అనెడిది. అక్షరము రాని యామె చెప్పిన యీ మాటనే నేడు శాస్త్రజ్ఞులును చెప్పుచున్నారు: బయటి గాలి లోపలి గాలికంటె వేడిగా నున్నంతసేపు మూయవలెను; చల్లబడినతోడనే తెఱవవలెను.

వాకిట చలువపందిరియు, ఇసుకమీద నిలిపిన రంజనును ఆ యింటి రెండు గొప్ప సాధనములు. రంజను మట్టి సన్నని రంధ్రములు గలది. లోని నీరు పైకి చెమర్చి యావిరియై పోవుచుండును. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఒక కేలరీ చాలును. అదే గ్రాము ఆవిరియై పోవుటకు దాదాపు 580 కేలరీల వేడి కావలెను. ఆ వేడిని కుండలోని నీటినుండియే తీసికొని పోవును గనుక నీరు చల్లబడును. మన దేహమునకు చెమట చేయు నుపకారమును ఇదియే. గాలి యెంత పొడిగా నున్న నంత బాగుగా నీ పని జరుగును గనుక, సముద్రతీరమున ఉక్కలో వెలవెలబోవు కుండ మా మెదకు సీమలో మహారాజువలె పనిచేయును.

ఇప్పుడు ఆ యిండ్లు తఱిగినవి. వాని స్థానమున సిమెంటు స్లాబులును రేకుల కప్పులును వచ్చినవి. వాన కారదు, చెద పట్టదు, ఏటేట పెంకు సరిచేయు బాధ లేదు. కావున పాత యిండ్లను తలంచుకొని యేడ్చుట మా యుద్దేశము గాదు. కాని స్లాబు స్వభావమును తెలిసికొనవలెను. అది పగలెల్ల ఎండను త్రాగి రాత్రియెల్ల మనమీద క్రక్కును. నడిరేయి ఫంకా వేసినను ఆవిరి క్రమ్మినట్లుండుటకు ఇదియే కారణము. రేకులు అట్లు దాచుకొనవు. పగలే మంటవలె క్రిందికి దింపును.

దీనికి చవుకైన చికిత్స తెల్లదనము. నల్లనిది ఎండను మ్రింగును, తెల్లనిది త్రోసివేయును. ఉగాది వెళ్లకమునుపే స్లాబుపై సున్నమును జిగురుతో కలిపి రెండు పూతలు పూయుట మేము కొన్ని యేండ్లుగా చేయుచున్న పని. రేకులపై గడ్డియో తాటాకో పఱచి బరువుపెట్టుట, పందిరివేసి సొరపాదు ప్రాకించుట మా వాడకట్టులో పలువురు చేయుదురు. తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానము నొకదానిని ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పు నిట్లు మార్పవలెనని లక్ష్యము పెట్టుకొన్నది. ఆ విధానములో 600 చదరపు గజములు, అంతకు మించిన స్థలములలో కట్టు నివాసములకే యిది తప్పనిసరి. చిన్న యిండ్లవారికి ఇష్టమునకు విడిచిరి. అనగా రేకులక్రింద నుడికిపోవు కూలివాని యింటికి చట్టము రాదు. అచ్చటికి పోవలసినది ఇరుగుపొరుగువారి పూనికయే. ఒక బస్తా సున్నమును నలుగురు యువకులును ఒక యాదివారమును చాలును.

ఇంతవఱకు చెప్పినది ఇంటినిగూర్చి. ఇక ఇంటిలోని మనుష్యులనుగూర్చి చెప్పెదము.

కొన్ని యేండ్లక్రిందట వైశాఖములో మా వాడకట్టున నొక యింటికి పెండ్లి మాటలకై చుట్టములు వచ్చిరి. ముందుగదిలో కూలరు తిరుగుచుండెను. పదిమంది మగవారు కట్నకానుకల లెక్కలు మాటాడుచుండిరి. వెనుక రేకుల వంటింటిలో ఆ యింటి కోడలు, ఆఱవ నెల గర్భిణి, జొన్నరొట్టెలు కాల్చుచుండెను. పొయ్యి ముందు, పెనము చేతిదగ్గఱ, రేకులు నెత్తిమీద. చుట్టముల యెదుట కొంగు సడలరాదని తలనిండ కప్పుకొని యుండెను. ఒంటిగంట వేళ ఆమె పెనముప్రక్కనే వ్రాలిపోయినది. ఇంటివారు దిష్టి యనిరి. అత్తగారు ఉప్పు మిరపకాయలకై పరుగెత్తినది. ఇంతలో నూరి ఆశా కార్యకర్త వచ్చి, చుట్టములను లేపి, కోడలిని కూలరు ముందఱ పరుండబెట్టి, ఒడలంతయు తడిబట్టతో తుడిచినది. ఆ దినమున ఆమె యా చల్లని గదిలో అడుగుపెట్టుట అదే మొదటిసారి. అందునకై ఆమె మూర్ఛపోవలసి వచ్చినది!

ఆమె కోలుకొన్నది, తరువాత బిడ్డయు క్షేమముగా పుట్టినది. అత్తగారిని మేము నిందింపము. ఆమెయు నలువదియేండ్లు ఆ పొయ్యియొద్దనే నిలుచున్నది. తాను పడినదానిని కష్టమని యెవరును ఆమెకు చెప్పలేదు. కాని కొన్ని దినముల తరువాత ఆ యింటి పెద్దతో మాకు జరిగిన సంభాషణ వ్రాయదగినది.

"పెద్దనాయనా, కూలరు గాలి వంటింటికిగూడ పోవునట్లు చూడరాదా?" అని యడిగితిమి.

"వంటింటికి గాలి వెట్టితె పొయ్యి ఆరిపోదా బిడ్డా? ఆడోళ్లకు అలవాటే" అని ఆయన సెలవిచ్చెను.

ఈ రెండు మాటలకును జవాబు కలదు. మొదటిది పొయ్యిమాట. కూలరు పనిచేయు విధము మన యిండ్లలో పెక్కుమందికి తెలియదు. తలుపులు కిటికీలు బిగించి దానిని త్రిప్పిన గడియకే గదిలో తేమ నిండిపోవును. పిమ్మట నీరు ఆవిరి కాలేదు, చెమటయు ఆఱదు. కూలరును కిటికీయొద్ద నుంచి, బయటి పొడిగాలిని లోనికి తీసికొని, ఎదుటి ప్రక్కనుండి ఆ గాలి వెలికిపోవ దారి చూపవలెను. ఆ దారి యేది? మా యూరి యిండ్లలో ముందుగదికి ఎదుట నుండునది వంటింటి ద్వారమే. దానిని తెఱచి, వంటింటి కిటికీని గూడ తెఱచినచో, గాలి ముందుగది దాటి, వంటింటిలో నిలిచిన మనిషిని తాకి, పొగను వేడిని వెంటగొని బయటికి పోవును. ముందుగదివారి చల్లదనము తఱుగకపోగా హెచ్చును. పొయ్యికి గాలివైపున ఒక రేకుముక్క అడ్డము నిలిపిన మంట ఆఱదు. కోడలికి చల్లదన మిచ్చుట యజమానునకు నష్టము గాదు; ఆ తలుపు మూసియుంచుటయే యిద్దఱికిని నష్టము. మేము మా యింట నిట్లే చేసి చూచితిమి గనుక ధైర్యముగా వ్రాయుచున్నాము.

రెండవది అలవాటుమాట. అలవాటు దేహమును కొంతవఱకు గట్టిపఱచునది నిజమే. ఎండలో పనిచేయువానికి కొన్ని దినములలో చెమట త్వరగా పట్టుట, దానిలో ఉప్పు తక్కువగా పోవుట జరుగును. కాని దానికి హద్దు కలదు. దేహపు లోవేడి 37 డిగ్రీల చుట్టును నిలువవలెను; 40 దాటి తెలివి తప్పినచో అది వడదెబ్బ, ప్రాణాపాయము. ఆడుదానికి వేఱు రక్తము, వేఱు చర్మము దేవు డీయలేదు. నలువదియేండ్లు భరించినదని చెప్పుట ఆమె యోపికకు సాక్ష్యమగునే గాని, ఆ గది మంచిదనుటకు సాక్ష్యము కానేరదు.

ఎండ యెంత యని వార్తలలో చెప్పు సంఖ్య నెట్లు కొలుతురో చదువరులు విచారించిరా? వాతావరణ శాఖవారు ఉష్ణమాపకమును ఒక కొయ్యపెట్టెలో నుంతురు. దానిని స్టీవెన్‌సన్ పెట్టె యందురు. 19వ శతాబ్దమున దీపస్తంభములు కట్టిన థామస్ స్టీవెన్‌సన్ అను స్కాట్లండు యింజనీరు కల్పించినది. దానికి తెల్లరంగు వేయుదురు. రెండు పొరల కప్పు పెట్టుదురు. నాలుగు ప్రక్కలను గాలి పోవునట్లు వాలుచెక్కలు అమర్తురు. మన దేశమున దాని తలుపు ఉత్తరమునకు త్రిప్పి, ఎండ లోన పడకుండ చేయుదురు. ఆ పెట్టెలో మైదానపు సీమలందు 40 డిగ్రీలు ముట్టి, ఆ కాలమునకు సహజమైనదానికంటె 4.5 డిగ్రీలైన హెచ్చినయెడల వడగాడ్పు అని ప్రకటింతురు. చదువరులారా, ఒక పాదరసపు గొట్టము కోసము మానవుడు ఇంత చక్కని యిల్లు కట్టినాడు! తెల్లని గోడ, జంట కప్పు, నాలుగు దిక్కుల గాలి, ఎండ చొఱని వాకిలి. ఇందులో నొక్కటియు మన వంటిండ్లకు లేదు. వార్తలలో 42 అని విన్నప్పుడు, అది ఆ పెట్టెలోని లెక్క యనియు, రేకులక్రింద పొయ్యియొద్ద నిలిచినవారి లెక్క యెవరును తీయలేదనియు జ్ఞాపకముంచుకొనవలెను.

మఱి వంట మానుదుమా? మాననక్కఱలేదు, వేళ మార్చవచ్చును. వేసవి రెండు నెలలు ఉదయము తొమ్మిదికి ముందే పొయ్యి యార్పి, మరల దీపాలవేళకు గాని వెలిగింపకుండుట మా యింటి నియమము. మధ్యాహ్నమునకు పొయ్యి యవసరములేని తిండి మన పెద్దలే చూపిరి: తైదంబలి ఉదయమే కాచి చల్లార్చవచ్చును, పచ్చిపులుసునకు నిప్పు వలదు, చల్ల కలిపిన గట్కకు ఉల్లిగడ్డ తోడైన చాలును. వేడివేడి రొట్టె కావలెనను మగవాడు దానిని తానే కాల్చుకొనుట మేలు. ఒక్క మధ్యాహ్న మట్లు చేసినచో అతని కోరిక దానంతటదియే చల్లారును.

ఇంకొక సంగతి, వ్రాయుటకు సంకోచింపదగినది గాదు. మా పల్లెలలో పెక్కుమంది స్త్రీలు పగటిపూట నీరు చాలినంత త్రాగరు. మరుగుదొడ్డి దొడ్డిచివర రేకుపెట్టెవలె మండుచుండుటయో, చుట్టములు కూర్చున్న వాకిలి దాటి పోవలసి యుండుటయో కారణము. ఊరిబయట పనికి పోయినచో నదియు లేదు. నీరు చాలక చెమట పట్టదు, మూత్రమున మంట, తలనొప్పి, కండ్లు తిరుగుట. దీనికి మందు వైద్యునియొద్ద లేదు; దొడ్డిపైన నీడ, త్రోవకు చాటు, నీళ్లు నిండిన తొట్టి, ఇవి యింటి మగవారి చేతిలోని మందులు.

మూడవ వేసవి ముసలివారిది. వయస్సు మీఱినకొలది దాహము తక్కువగా తెలియును, చెమట తక్కువగా పట్టును. "నాకేమి వలదు బిడ్డా" అని వారనుట మర్యాదకే గాదు; దేహము వారికి నిజము చెప్పుట మానినది. కావున అడిగి యిచ్చుట గాక, గంటగంటకు చేతికే యీయవలెను. ఫంకా వేసితిమి గదా యని నిశ్చింతగా నుండరాదు. గాలి దేహముకంటె వేడిగా నున్నప్పుడు ఫంకా వేడిగాలినే త్రోయును; 40 డిగ్రీలు దాటినచో వట్టి ఫంకాను నమ్మవలదని ప్రపంచ ఆరోగ్యసంస్థయు చెప్పుచున్నది. చర్మము తడిపి, తడిబట్ట కప్పి, పిమ్మట గాలి తగిలింపవలెను. రేకుల వసారాలోని మంచమును పగటివేళ ఇంటి నడిగదికి మార్చుటకు ఒక్క నిమిషము పట్టును. చుట్టములు వచ్చునప్పుడు ముసలి మంచ ముండరాదను సిగ్గు ఎంతమంది ప్రాణములు తీసినదో యెవరు లెక్కింతురు? 2015 మే నెలలో వచ్చిన వడగాడ్పులకు మన దేశమున రెండువేలమందికి పైగా మరణించిరి. వారిలో నధికభాగము ఆంధ్రప్రదేశ్, తెలంగాణములవారే.

వడదెబ్బ తగిలినచో చేయవలసినది కొంచెమే, కాని వెంటనే చేయవలెను. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒడలు నీటితో తడిపి విసరవలెను; మెడను, చంకలను, గజ్జలను చల్లని బట్ట పెట్టవలెను. తెలివిలేనివాని నోట నీరు పోయరాదు, ఊపిరితిత్తులకు పోవును. 108కి కబురు చేయవలెను. తెలివియుండి నీరసించినవానికి ఒక లీటరు నీటిలో ఆఱు చిన్న చెంచాల చక్కెరయు, అర చెంచా ఉప్పును కలిపి కొద్దికొద్దిగా త్రాగింపవలెను. ఇట్టి ఉప్పుచక్కెర నీటినే 1971లో బంగ్లాదేశపు కాందిశీకుల శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబిస్ కలరా రోగులకు త్రాగించి వేలమందిని బ్రదికించిరి. ఉల్లిగడ్డ జేబులో నుంచుకొనిన వడదెబ్బ తగులదని నమ్మువారు మా యూర నింకను కలరు. ఉల్లిగడ్డ కడుపులోనికి పోయిన మేలే. జేబులో నున్నది జేబునే కాపాడును.

ధనవంతు లిప్పుడు ఏసీలు పెట్టుకొనుచున్నారు. వ్యాధిగ్రస్తులకును పసిపిల్లలకును అది ప్రాణదాతయే, మేము దూషింపము. కాని దాని చరిత్రలో నొక వింత కలదు. 1902లో విల్లిస్ క్యారియర్ అను అమెరికా యింజనీరు దాని మొదటి రూపమును బ్రూక్లిన్‌లోని యొక ముద్రణాలయమునకు నిర్మించెను. తేమవలన కాగితము సాగి రంగులు సరిగా పడకుండెను, అందులకు. మనుష్యుని చెమటకొఱకు గాదు, కాగితపు క్షేమముకొఱకు! ఆ యంత్రము లోని వేడిని పోగొట్టదు. తీసి సందులోనికి త్రోయును. సందుకు ఆవలివైపున రేకుల యిల్లున్నచో, ఒకరి చల్లదనము మఱియొకరి నిప్పులకొలిమి యగును. పెట్టుకొనువారు దాని మూతిని ఎవరి కిటికీకి ఎదురుగా పెట్టుచున్నారో చూచుకొనుట కనీసపు మర్యాద.

నీడ యొక్కటియే ఎవరికిని నష్టము కలిగింపని చల్లదనము. మా ప్రక్కనున్న నర్సాపూరు అడవిలో టేకు వేసవికి ఆకు రాల్చి మోడై నిలుచును. కాని కానుగ, వేప ఆ కాలముననే చిగిర్చి నీడ నిచ్చును. ఇంటికి పడమట నొక కానుగమ్రొక్క నాటినచో మూడుజాముల యెండను గోడమీద పడనీయదు. అది వాకిట నున్న, దారిబోవువానికిని పనికివచ్చును. దానిక్రింద నొక రంజను నిలిపి చలివేంద్రము పెట్టినచో మఱియు మంచిది. పూర్వము మన చలివేంద్రములలో కొందఱికి చెంబుతోను, కొందఱికి ఎత్తునుండి దోసిటిలోనికిని నీరు పోసెడివారు. నేడు రంజనునకు కొళాయి, గొలుసునకు కట్టిన యొకే గ్లాసు. ఆ గ్లాసును కడిగి యెల్లరు త్రాగుదురో లేదో, ఇంకను వెనుకాడి నిలుచువా రెవరో, గమనించుట సంస్కారము గోరువారి పని.

కావున చదువరులకు మా మనవి యిది. ఈ వేసవి మిట్టమధ్యాహ్నమున నొక్కసారి కూలరు ముందునుండి లేచి, మీ యింటి గదులన్నియు తిరిగి చూడుడు. అన్నిటికంటె వేడిగానున్న చోట నెవరున్నారో కనుగొనుడు. అచ్చట మీరు ఒక గంట కూర్చుండుడు. పిమ్మట ఏ తలుపు తెఱవవలెనో, ఏ మంచము జరుపవలెనో, ఏ రేకుపై సున్నము పూయవలెనో మేము చెప్పనక్కఱలేదు.